పాజ్ మాస్టారి ప్రపంచీకరణ పాఠం

సోషల్ మాస్టారు ఆ ఉదయం గోడ గడియారం దించి, అందులోని బ్యాటరీలు పీకి ప్రొజెక్టర్ రిమోట్‌లో వేసుకున్నారు. నగరాలు, ప్రపంచీకరణ అనే పాఠాన్ని సినిమా చూపించి చెప్పడం ఆయన పద్ధతి. నిమిషానికోసారి సినిమా ఆపి, పది నిమిషాలు ఉపన్యసించడం ఆయన రోగం. అందుకే పిల్లలు పాజ్ మాస్టారని పేరు పెట్టారు. ఏడాదంతా చూసినా ఏ సినిమాలోనూ వాళ్ళు ఇంటర్వెల్ దాకా చేరలేదు.

"ఆ బ్యాటరీలు కొనఊపిరితో ఉన్నాయండీ. గడియారమే నత్తనడక నడుస్తోంది," అంది భార్య.

"ఒక్క పూటకి చాల్లే. ఇవాళ తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయనకి నచ్చకపోతే ప్రొజెక్టర్ స్టోర్‌రూమ్‌కి, నేను మళ్ళీ సుద్దముక్కకి."

"అయితే ఇవాళొక్కరోజు మధ్యలో ఆపకండి. మీకు పుణ్యముంటుంది."

మాస్టారు ఒట్టు పెట్టుకున్నారు.

తనిఖీ అధికారి ముందు వరసలో బిగుసుకుని కూర్చున్నాడు. "బడి వేళల్లో సినిమాలేమిటండీ? నాకసలు సినిమా గాలే పడదు. డ్యూటీ అంటే డ్యూటీ!" అన్నాడు. స్విచ్ బోర్డు పక్కన నిలబడ్డ హెడ్ మేడమ్ అవునవునని తలూపారు.

సినిమా మొదలైంది. "చూడండర్రా, సముద్రాలవతలి మహానగరం! ఆ అద్దాల మేడలు, ఆ కాఫీ షాపులు! ఇలాంటివి చూడాలంటే విమానమెక్కాలి," అన్నారు మాస్టారు.

"సార్, అది మా బాబాయి చెప్పుల కొట్టు!" వెనక బెంచీ పిల్ల అరిచింది. "బోర్డు మార్చారంతే!"

"మన కొత్త మాల్ వీధి సార్! షూటింగ్ రోజు బడి వదిలాక గోడెక్కి చూశాం!"

"ఆ బంగారు రంగు విగ్గులో మా ట్యూషన్ మేడమ్!"

ఏడాదిలో మొదటిసారి క్లాసంతా "ఆపండి సార్, ఆపండి!" అని మొత్తుకుంది. మాస్టారికి చేతులు దురద పెట్టాయి. ఒట్టు గుర్తొచ్చి ఓర్చుకున్నారు. ఆ గోలకి పక్క క్లాసు, దాని వెనకే దాని టీచరు వచ్చి కిటికీలకు వేలాడారు.

అధికారి లేచాడు. "ఇదా మీ పాఠం? పక్క వీధిని పరాయిదేశమని నూరిపోస్తారా? ఆపండి! ఏది ఏ వీధో ఇప్పుడే తేలుస్తాను!"

పై అధికారి ఆజ్ఞ ముందు ఒట్టెంత? మాస్టారు ఆనందంగా నొక్కారు. సినిమా ఆగింది.

తెరనిండా తనిఖీ అధికారి. పొడుగు కోటు, టోపీ, చేతిలో ఐస్‌క్రీమ్, నాలుక బయట.

"ముందుకు పోనివ్వండి," అన్నాడు అధికారి పీలగా. మాస్టారు నొక్కారు, విదిలించారు, అరచేతికేసి కొట్టారు. బ్యాటరీలు ప్రాణం విడిచాయి.

"మేడమ్, స్విచ్ తీసెయ్యండి!"

హెడ్ మేడమ్ చెయ్యి స్విచ్ దాకా వెళ్ళి ఆగింది. "షూటింగ్ రోజంటే... మీకు జ్వరమని తనిఖీ వాయిదా వేసిన రోజు కదండీ? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మీకోసం పిల్లల్ని వరసలో నిలబెట్టాను."

"సార్, పాఠం అర్థమైంది," అంది చెప్పుల కొట్టు పిల్ల. "ఊళ్ళన్నీ ఒకేలా అయిపోతే ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టలేం!"

అధికారి చెమట తుడుచుకుని, పిల్లలకు సినిమా ద్వారా బోధన అత్యవసరమనీ, ప్రొజెక్టర్‌ను ఎవరూ కదపరాదనీ అక్కడికక్కడే ప్రకటించాడు. ఈ ఒక్క సినిమా మాత్రం మార్చమని గుమ్మం దగ్గర బతిమాలాడు.

మాస్టారు మార్చలేదు. ఆ సినిమాను తనిఖీ రోజునే వేస్తారు, ఒక్కసారే ఆపుతారు.