మూలల్లేని ఇంటి మాహాత్మ్యం

మానవ జీవితంలోని కష్టాలన్నీ ఇంటి మూలల్లోనే పుడతాయి. ఈ మహాసత్యాన్ని 1961లో ఆసిఫాబాద్ దారిపక్కన కాపురమున్న కైలాసం అనే నేతకారుడు కనుగొన్నాడు. ఈశాన్యం బరువైతే ఒక దోషం, నైరుతి పల్లమైతే మరో దోషం అని వాస్తుపండితుడు బెదరగొట్టగా, అసలు మూలలే లేకుండా గుండ్రంగా ఇల్లు కట్టాడు. ఊరివారు దానిని వడ్ల గుమ్మి అన్నారు. అతడు కోట అన్నాడు. మంచం మాత్రం ఏ గోడకూ ఆనలేదు.

మరుసటి ఏడు ఒకనాటి ఉదయం అతని సంకల్పం అతిసామాన్యమైనది. పెళ్లివారి ధోవతులకు గంజి పెట్టిన నూలును ఎండబెట్టి సాయంత్రానికి మగ్గమెక్కించాలి. అంత పొడవు నూలు చాపడానికి తిన్నని చోటు లేక, ఇంటి చుట్టూ మేకులు కొట్టి చుట్టసాగాడు.

“ఏందయ్యా, ఇంటికి నూలు సుడుతున్నవ్? దానికేమన్న జరమొచ్చిందా?” అన్నది భార్య బాలలక్ష్మి.

“నీకేమెరుక? గుండ్రపు ఇంటి ఫాయిదా గిదే!”

అంతలో బస్సు వచ్చి ఆగింది. పోశవ్వ అనే పెద్దావిడ దిగింది. ఆ సీమలో కొందరు స్త్రీలు జ్యేష్ఠ పున్నమికి చెట్టుకు దారం చుట్టి భర్త ఆయుష్షు కోరుకుంటారు. దారం చుట్టిన ఇంటిని ఆమె చూడటం అదే మొదలు. చెట్టుకే అంత శక్తి ఉంటే ఇంటికెంత ఉండాలని చెప్పులు విడిచి ప్రదక్షిణం ఆరంభించింది. బస్సంతా ఆమె వెంట నడిచింది. తెల్లని నూలుకు పసుపు కుంకుమలు దక్కాయి.

“ఎన్నేండ్ల గుడి, బిడ్డా?” అని అడిగింది పోశవ్వ.

నిజం చెప్పవలసిన కైలాసం నోటికి ‘గుమ్మి’ అన్న ఎగతాళి అడ్డొచ్చింది. “మూడువందల ఏండ్లది, అవ్వా. జర నెమ్మదిగ తిరుగుండ్రి!”

పెళ్లికొడుకు ఆ పసుపంటిన నూలు ధోవతితోనే పీటలెక్కాడు. అదీ మహిమలోనే జమ అయింది. నెల తిరిగేసరికి గాజుల దుకాణం, ఫోటోలవాడు, కొబ్బరికాయలమ్మే కొమురెల్లి అధ్యక్షతన ఒక కమిటీ, ఆ కమిటీకి ఒక ఆగ్రహం వెలిశాయి.

“గర్భగుడిల ఎండుచాపలు వండుతరా? సోమారం పొద్దుగాల ఇల్లు ఖాళీ జెయ్యుండ్రి!”

“కొమురెల్లన్నా! నిరుడే కట్టిన గదనే! నువ్వే మట్టి మోసినవ్!”

“మోసిన. గని మూడువందల ఏండ్లదని నువ్వే చెప్పినవ్. గిప్పుడు దేవుని ముంగట అబద్ధమాడుతవా?”

కైలాసం పరేషానై కూలబడ్డాడు. బాలలక్ష్మి గిన్నెలు మూటగడుతూ అన్నది: “మూలలు లేకుంటే కష్టాలు రావంటివి. ఇప్పుడు కూసోని ఏడుద్దామంటే ఇంట్ల ఒక్క మూల లేకపాయె!”

సోమవారం కమిటీ డప్పులతో సిద్ధమైంది. భక్తుల సమక్షంలో గృహస్థులను సాగనంపాలని బస్సు కోసం ఎదురుచూసింది. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, దుమ్ము లేపుతూ వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి కొమురెల్లి కొబ్బరికాయలు మందమర్రికి తరలాయి, కమిటీ ఆయన వెంట కరిగింది. బాలలక్ష్మి మూట విప్పి గర్భగుడిలో చేపలు పొయ్యి మీద పెట్టింది.

కైలాసానికి మాత్రం కోట మళ్లీ గుమ్మి కావడం మింగుడుపడలేదు. ఆసిఫాబాద్ వెళ్లి కండక్టరును నిలదీశాడు. “మా దేవుని మీద నీకేం కోపమొచ్చింది? బస్సెందుకు ఆపుతలేవ్?”

పాత బస్సు ఎత్తెక్కేసరికి ఇంజన్ వేడెక్కి, నీళ్లు పోయడానికి అక్కడ ఆగేది. ఇది కొత్త బస్సు.