బెల్లం దలాలి ఇంట్లో ఇంటర్వ్యూ

రేవణసిద్ధప్ప ఆ ఆదివారం పొద్దున వేసుకున్న ప్లాను నిజానికి చాలా చిన్నది. కొడుకు బస్వరాజ్‌కు మంగళవారం హైదరాబాదులో ఇంటర్వ్యూ ఉంది. ఆలోగా ఇంట్లో ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టించి వాడి బెదురు పోగొట్టాలి. ఇందులో కొంపలు మునిగేదేముందని మీరూ అనుకుంటారు, ఆయనా అనుకున్నాడు.

అవసరం మాత్రం గట్టిదే. డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్న బస్వరాజ్‌కు సహకార సంఘాల సూపర్వైజరు కావాలని ఆశ. పోయిన ఎండాకాలం ఇలాంటి కొలువుకే పోయి, పెద్దల ముందు నోరు పెగలక తిరిగొచ్చాడు. ఈసారీ అంతే అయితే ఇక తండ్రి దుకాణంలో బెల్లం ముద్దల మధ్య కూర్చోవాల్సిందే. పోయినసారి రేవణసిద్ధప్ప ఫలితం తేలకముందే గంజ్ బజారంతా పేడాలు పంచాడు. అవి తిన్న మహానుభావులు ఇప్పటికీ "పిల్లగాని డ్యూటీ ఎక్కడ సేట్?" అని పలకరిస్తుంటారు. అందుకే ఈసారి సంగతి బయటికి పొక్కనివ్వకూడదని భార్య శరణమ్మతో ఒట్టు వేయించుకున్నాడు.

ఆయన గంజ్‌లో బెల్లం దలాలి. బెల్లం తన గొప్ప తాను చెప్పుకోలేదు గనక దాని తరఫున దలాలే చెప్పాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. బస్వరాజ్‌ను ఎవరేమడిగినా తండ్రే జవాబిచ్చేవాడు, చివరికి పేరడిగినా సరే. పాపం, దాన్ని ఆయన ప్రేమ అనుకునేవాడు.

పరీక్ష చేయడానికి రిటైరైన తహసీల్దారు అమర్నాథ్‌ను ఎవరిచేతనో బతిమాలించి బీదర్ నుంచి రప్పిస్తున్నాడు. మనిషిని ఎన్నడూ చూడలేదు. వీలైతే ఇంకో ఆఫీసరును కూడా వెంటబెట్టుకొస్తానని ఆయన కబురంపాడు. దాంతో కుర్చీలు తక్కువపడి రేవణసిద్ధప్ప పక్కింటి సీతాబాయి గడప తొక్కాడు.

"కుర్చీలెందుకన్నా?" అందామె.

"ఊరికెనే."

"ఊరికెనే కుర్చీలెవరడుగుతరు!"

కుర్చీలిచ్చి గోడ మీదుగా తొంగి చూసింది సీతాబాయి. వసారాలో జంఖానా పరిచి ఉంది. అగరొత్తులు వెలుగుతున్నాయి. శరణమ్మ కేసరిబాత్ వాసన వీధి చివరిదాకా పోతోంది. బస్వరాజ్ క్షవరం చేయించుకొని ఇస్త్రీ కోటు తొడుక్కున్నాడు. అడిగితే ఎవరూ చెప్పరు! పెళ్లీడు కొడుకున్న ఇంట్లో ఇవన్నీ ఒక్కచోట కనబడితే జహీరాబాదులో దానికి ఒకటే అర్థం. ఎవరో పిల్ల తరఫువాళ్లు వరుణ్ణి చూసుకోవడానికి వస్తున్నారు. సీతాబాయి మనసు కలుక్కుమంది. ఈ పిల్లవాణ్ణి కోహీర్ ఊళ్లోని జామతోట చెన్నబసప్ప కూతురికి చేయాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. చెన్నబసప్ప జామకాయల బండితో ఆ రోజు అంగడికే వచ్చాడు. చేయి జారకముందే వచ్చి చూసుకోమని వెంటనే కబురు చేసింది.

కాసేపటికి నొసటి నిండా విభూతి, తలకు జరీ రుమాలు, చేతిలో కర్రతో ఒక పెద్దమనిషి వాకిట్లో దిగాడు. వెనక ఆయన అక్క సంగమ్మ. ఇంటికొచ్చిన పెద్దమనిషిని నీళ్లివ్వకుండా 'మీరెవరు' అని అడగడం ఆ ప్రాంతంలో మర్యాద కాదు. నీళ్లిచ్చాక అడగాల్సిన అవసరం రేవణసిద్ధప్పకు కనబడలేదు. ఆడవాళ్లు కూడా ఆఫీసర్లవుతున్నారు, కాలం మారిందని సంతోషించి ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

"మీరు వస్తరనే కూసున్నం. ఏం అడుగుతరో అడుగున్రి," అన్నాడు చేతులు కట్టుకొని.

"పిల్లగాన్ని జర నడవమను," అంది సంగమ్మ.

బస్వరాజ్ తెల్లబోయి తండ్రి వంక చూశాడు. 'ఒళ్లు సరిగా ఉందో లేదో చూస్తారురా, సర్కారు కొలువంటే మాటలా' అన్నట్టు తండ్రి కన్నుగీటాడు. వాడు వసారాలో అటూ ఇటూ నడిచాడు.

"పత్తాలాట, కల్లు అలవాటున్నదా బిడ్డా?" చెన్నబసప్ప అడిగాడు.

బస్వరాజ్ నోరు తెరిచాడు. "చాయ్ సుత తాగడు!" అన్నాడు రేవణసిద్ధప్ప.

"ఇల్లు విడిచి ఉంటడా?"

బస్వరాజ్ మళ్లీ నోరు తెరిచాడు. "ఎక్కడ ఉండుమంటే అక్కడ ఉంటడు! మీరు ఏ ఊరికి తోలితే ఆ ఊరికి పోతడు. ఆరు నెలలు మీ చేతి కింద పెట్టుకొని చూడున్రి, నచ్చకపోతే వాపసు పంపున్రి!"

చెన్నబసప్ప అక్క వైపు చూశాడు. ఇంత చవగ్గా ఇల్లరికపు అల్లుడు దొరుకుతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు. "ఇల్లరికం గురించి అడుగుదామా వద్దా అనుకున్న, సేటే నోటితోని అన్నడు," అన్నాడు మురిసిపోతూ.

లోపల కేసరిబాత్ గిన్నె ఠంగున కిందపెట్టి శరణమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "ఒక్కగానొక్క కొడుకును ఇల్లరికం ఇస్తవా? నీకు పిచ్చిగిన లేసిందా?"

"ఇల్లరికమేందే? ట్రైనింగుకు ఆఫీసర్లు పెట్టుకున్న పేరేమో అది, నువ్వు నడుమల రాకు!"

"ఆఫీసరెవరు? నేను జామతోట చెన్నబసప్పను!"

"అంతెందుకు తమ్మీ," సంగమ్మ లేచి నిలబడింది. "వచ్చినకాడి నుంచి చూస్తున్న, పిల్లగాడు ఒక్క మాట మాట్లాడలే. మూగ పిల్లగాన్ని అంటగడ్తున్రు మనకు!"

"మూగోడు కాదమ్మా! మా వానికి మస్తు మాటలొస్తయి!" ఆ మాట కూడా కొడుకు తరఫున తానే చెబుతున్నానని తెలియక అరిచాడు రేవణసిద్ధప్ప. గోడవతలి నుంచి సీతాబాయి, గరిటె ఊపుతూ శరణమ్మ, కర్ర తాటిస్తూ చెన్నబసప్ప, అందరూ ఒక్కసారే అందుకున్నారు.

"జర ఆగున్రి!"

అంతా ఆగారు. ఆ గొంతు ఎవరిదో రేవణసిద్ధప్పకు వెంటనే తెలియలేదు.

"పెద్దయ్యా, కూసోండి," అన్నాడు బస్వరాజ్. "మీరు మీ పిల్ల సంబంధం కోసం వచ్చిన్రు. మా బాపు మిమ్మల్ని నన్ను ఇంటర్వ్యూ చేసే ఆఫీసరనుకున్నడు. తప్పు మాది, మాఫ్ చేయున్రి. నాకిప్పుడు పెండ్లి వద్దు, కొలువు కావాలె. మీ జామకాయలు పట్నం చేరేసరికి ఎన్ని మెత్తబడ్తయి?"

"సగం," అన్నాడు చెన్నబసప్ప, తెలియకుండానే కూర్చుంటూ.

"ఊరోళ్లంత సంఘం పెట్టుకొని ఒక్కటే లారీ మాట్లాడుకుంటే, తెల్లారేసరికి పట్నం చేరవా?"

"లారీ కిరాయికి ముందుగాల పైసలెవడిస్తడు?"

"సంఘానికి అప్పు పుడ్తది. మీ ఒక్కరికి పుట్టది. గది రైతులకు చెప్పి చేపిచ్చుడే నా పని, పెద్దయ్యా. గందుకే ఆ కొలువు కావాలంటున్న."

ఆయన అడుగుతూనే ఉన్నాడు, వాడు చెబుతూనే ఉన్నాడు. రేవణసిద్ధప్ప సిగ్గుతో స్తంభానికి ఆనుకున్నాడు. కొడుకు గొంతు ఇంత నిండుగా ఉంటుందని ఆయనకు ఇరవై ఏళ్లుగా తెలియనే తెలియదు. వినడానికి తాను ఎన్నడు సందిచ్చాడు గనక!

"ఇంక నేను అడిగేదేం లేదు," అని గుమ్మంలోంచి వినబడింది. గొడుగు చంకలో పెట్టుకొని అసలు అమర్నాథ్ ఎప్పటినుంచి అక్కడ నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. "అబ్బాయి తయారుగనే ఉన్నడు. ఒక్కటే ముచ్చట సేట్, మంగళవారం వాన్ని ఒక్కన్నే పంపున్రి."

"అది కాదు సాబ్, నేను జర స్టేషన్ దాక..." అని రేవణసిద్ధప్ప నోరు తెరవగానే శరణమ్మ అందులో కేసరిబాత్ ముద్ద పెట్టింది. చెన్నబసప్ప కూడా ఇంత తిని, పిల్ల సంగతి తర్వాత చూద్దాం గానీ, సంఘం పెట్టేటప్పుడు కబురంపమని బస్వరాజ్‌కు చెప్పి వెళ్లాడు.

మంగళవారం రేవణసిద్ధప్ప స్టేషనుకు పోలేదు. ప్రాణమంతా హైదరాబాదులో పెట్టుకొని దుకాణంలో కూర్చున్నాడు. కొనేవాళ్లు వచ్చి సరుకెట్లుందని అడిగితే పొగడడానికి మాట రాక, నోట్లో వేసుకొని చూసుకోమని ముద్ద ముందుకు తోశాడు.

రాత్రి బండికి బస్వరాజ్ నవ్వుతూ దిగాడు. డిగ్రీ పరీక్షలు రాసి వచ్చి కొలువులో చేరమన్నారట. "చూసినవా, నువ్వు నోరు మూసుకుంటే ఎంత మంచిగయిందో!" అంది శరణమ్మ.

ఆ రోజు బెల్లం కూడా ఎన్నడూ లేనంత అమ్ముడుపోయిన సంగతి రేవణసిద్ధప్ప ఆమెకు చెప్పలేదు.