నక్కలమిట్ట కొండెక్కిన విధము

పర్వత దేశానికి యాత్ర వెళ్లదలచిన వారి సౌకర్యార్థం మా నక్కలమిట్ట గ్రామపంచాయతీ వారు ‘నేపాలులో చూడదగిన ప్రదేశాలు’ అనే నలభై పేజీల నివేదికను ఆమోదించి, ప్రజలందరికీ అందుబాటులో ఉండేలా పంచాయతీ ఆఫీసు బీరువాలో పెట్టారు. బీరువా తాళంచెవి సర్పంచి గారి మొలతాడుకు ఉంటుంది. నివేదిక అట్ట మీద, మంచుకొండ ముందు మా పాలకవర్గం తొమ్మిదిమందీ చేతులు కట్టుకుని నిలబడిన ఫోటో వేశారు. వెనక కనబడేది గుడ్డ మీద అచ్చేసిన మంచుకొండ. అసలు కొండ ఆ రోజు మబ్బులో ఉండి ఫోటోకు రాలేకపోయింది.

నేను ఈ ఊరి బడిలో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారిని. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే రాసిపెడతాను. నాకు తెలుగు బాగా వచ్చు. ఇక్కడ చెప్పబోయే నష్టంలో సగం అందువల్లనే జరిగింది.

దొరవారిసత్రం నుంచి తూర్పుకు వస్తే, పులికాట్ నీళ్లు కనపడబోయే ముందు తగిలే ఊరు మాది. చుట్టూ ఎటు చూసినా చాప పరిచినట్టుండే నేల. దాని మధ్యలో ఇరవై రెండడుగుల ఎత్తున ఎర్రమట్టి మిట్ట ఒకటి ఉండేది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఊరంతా దాని మీదికెక్కి చూసేది. కార్తీకంలో తుఫాను పట్టి వాగు పొంగితే, పల్లంలో ఉన్న చర్చిపాలెం వాళ్లు బియ్యం డబ్బాలు, పిలకాయలు, గొడ్లతో సహా దాని మీదికే చేరి, నీళ్లు తీసేదాకా ఉండి దిగేవాళ్లు. ఇంతకు మించి ఆ మిట్ట సాధించిన అభివృద్ధి ఏమీ లేదు.

ఈ లోటును మొదట కనిపెట్టినవాడు ప్రవీణ్. హైవే పక్కన పల్లపు పొలాలు కొని ‘హిమశిఖర గార్డెన్స్’ అనే లేఅవుటు వేస్తున్న యువ పారిశ్రామికవేత్త. శిఖరానికి పేరు దొరికింది గానీ మట్టి దొరకలేదు. మా మిట్టను తీసుకుపోయి తన పల్లం పూడ్చుకుంటానని ఆయన వినయంగా పంచాయతీని కోరాడు. కొండైతే తవ్వడానికి పైనుంచి అనుమతి కావాలనీ, మిట్టైతే పంచాయతీ తీర్మానం చాలనీ ఆయనే చెప్పాడు. ఆ నిబంధన ఏ పుస్తకంలో ఉందని అడిగే కుసంస్కారం మా సభ్యుల్లో ఎవరికీ లేదు.

కాబట్టి గ్రామసభ ముందుకు వచ్చిన ప్రశ్న ఒక్కటే. నక్కలమిట్ట కొండా, మిట్టా? చర్చిపాలెం నుంచి రెబెక్కమ్మ లేచింది. రెండు బర్రెలు, ఒక కోడలు ఆమె సంసారం. కొడుకు తిమోతి చెన్నైలో తాపీపని చేస్తాడు. కోడలు కెజియాకు అప్పుడు మూడో నెల.

“కొండో మిట్టో మాకేం దెలుసు సామీ. నీళ్లెక్కంది మాకు కొండే. దాన్ని దీసేస్తే వానల్లో మేం యాడికి బోవాల? నా కోడలికి కార్తీకంలోనే కాన్పు,” అన్నది.

సర్పంచి పెంచలకృష్ణ గారు ఆమెను కూర్చోమని, మైకు సవరించుకున్నారు. “అమ్మా, నీ బాధ నా బాధ. అయితే శాస్త్రీయంగా పోవాల. నేను తిరుమల కొండ ఎక్కినాను, గోవిందా అంటా కండ్లు మూసుకోని ఎక్కినాను. పెంచలకోనకి పోయినాను, బస్సులో నిద్రపోయినాను. కొండని కొండగా నేను ఇంతవరకు చూడలా. చూడకుండా తీర్మానం జేస్తే మనస్సాక్షి ఒప్పుకోదు. అందుకని కొండలకే పుట్టిల్లయిన దేశానికి పోయి, చూసి, కొలిచి వస్తాం.”

చప్పట్లు మోగాయి. పాలకవర్గం యాత్రా భారాన్ని ప్రవీణ్ ప్రజాసేవగా స్వీకరించాడు. విమానంలో పోతే అధ్యయనం పైపైన జరుగుతుందనీ, నేల మీద పోతేనే ఎత్తుపల్లాలు అర్థమవుతాయనీ పట్టుబట్టి, పదిహేడు రోజుల కార్యక్రమం వేసి గూడూరులో రైలెక్కించాడు. రైలు కదిలిన గంటలో మిట్ట దగ్గరికి పొక్లెయిను వచ్చింది.

యాత్ర ఫలితాలను నివేదిక నుంచే మనవి చేస్తాను. పోఖరా పైనున్న సారంగ్‌కోట్ అనే చోట నిలబడితే సూర్యోదయంలో మంచుకొండల వరస కనిపిస్తుందని ప్రసిద్ధి. మా వాళ్లు పోయిన మొదటి మూడు రోజులూ మబ్బే. ‘కొండలు కనిపించనందున, అవి ఉన్నట్లు స్థానికులు చెప్పిన మాటను విశ్వసించడమైనది’ అని పన్నెండో పేజీలో ఉంది. నాలుగో రోజు మబ్బు కొంచెం తొలిగి, అక్కడివాళ్లు చేపతోక అని పిలుచుకునే శిఖరం కనిపించింది. పులికాట్ చేపలు బుట్టల్లో మంచు కొట్టి చెన్నైకి పంపే మా వార్డు మెంబరు హజరత్తయ్య దాన్ని చాలాసేపు చూసి, “ఇంత ఐసు బెట్టినారు, ఎన్నాళ్లున్నా చెడదు,” అని మెచ్చుకున్నాడు. అది సాంకేతిక అభిప్రాయం కింద నమోదైంది.

అదే ఊళ్లో ఒక జలపాతం ఉంది. పైనుంచి పడ్డ నీళ్లు నేలలో ఉన్న సొరంగంలోకి దూరి మాయమవుతాయి. ఈ పద్ధతిని నక్కలమిట్టలో కూడా ప్రవేశపెడితే వరద సమస్య శాశ్వతంగా తీరుతుందని మా వాళ్లు సిఫారసు చేశారు. లోయ మీద కట్టిన తాళ్ల వంతెన కూడా చూడదగినదే. మెంబరు సాయిలక్ష్మి గారు దాని మధ్యకు పోయి కూర్చుండిపోయారు. ఆమెను ఇవతలికి తేవడానికి ఒక పూట పట్టింది. వంతెన బాగుందనీ, ఊగకుండా ఉంటే ఇంకా బాగుండేదనీ రాశారు. ఖాట్మండులో పశుపతినాథుడి దర్శనం దివ్యంగా జరిగింది, అక్కడ చెప్పులు పోయాయి.

యాత్రలో శిఖరం వంటి ఘట్టం ఒక కొండపల్లెలో జరిగింది. ఆ ఊరివాళ్లు వాన జోరుకు చరియ విరిగిపడిన చోటు చూపించి, అప్పటినుంచి కొండ మీద రాయి తియ్యనివ్వడం లేదనీ, మొక్కలు పెట్టి కాపాడుకుంటున్నామనీ చెప్పారట. సర్పంచి గారు కదిలిపోయి అక్కడికక్కడే తెలుగులో ఉపన్యసించారు. “కొండని కన్నతల్లిగా చూసుకునే మీ కాళ్లకు మొక్కుతుండా. మట్టిని అమ్ముకునే మనిషి మనిషే గాదు. ఈ మాట మా నక్కలమిట్టలో ప్రతి గడపకూ చేరుస్తా.” ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊరివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ వీడియోను సర్పంచి గారు మాకు పంపారు. అదే సమయానికి ఇక్కడ మిట్ట మీది వేపచెట్లు టిప్పరులో పోతున్నాయి.

మిట్ట పూర్తయ్యాక పొక్లెయిను అలవాటు కొద్దీ ఇంకో పదడుగులు కిందికి పోయింది. ప్రతినిధి బృందం తిరిగివచ్చిన రోజు ఆటోడ్రైవరు ఊరు గుర్తుపట్టలేక రెండు మైళ్లు ముందుకు తీసుకుపోయాడు. గుర్తుపట్టడానికి మా ఊళ్లో ఉన్నదల్లా ఆ మిట్టే. వెనక్కి తిరిగివచ్చి, దండలు వేయించుకుని, అత్యవసర సమావేశం జరిపి, ఎనిమిది వేల మీటర్ల శిఖరాలతో సరిపోల్చి చూడగా సదరు మిట్ట కొండ కాదనీ, ప్రస్తుతం మిట్ట కూడా కాదనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. అంత నిర్దుష్టమైన తీర్మానం మా పంచాయతీ చరిత్రలో లేదు.

మర్నాడు రెబెక్కమ్మ నా దగ్గరికి వచ్చింది. “అయ్యోరా, అయిపోయిందేదో అయిపోయింది. తుఫాను షెల్టరు ఒకటి కట్టియ్యమని పైకి రాయండి. కార్తీకం లోపల గావాల,” అన్నది. నేను కాగితం తీసుకున్నాను. మిట్ట నాశనమైందని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. దీపం ఆరిపోయిందని అనకుండా కొండెక్కిందని అనే సంస్కారం మనది. అలాగే రాశాను. ‘ఆర్యా, మా గ్రామమునకు ఏకైక ఆధారమైన మిట్ట ఇటీవల కొండెక్కినది. కావున తుఫాను షెల్టరు మంజూరు చేయ ప్రార్థన.’ రాసి, రెండుసార్లు చదువుకుని, సంతోషపడ్డాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ‘తమ మిట్ట కొండ ఎక్కినట్లు తామే తెలియజేసినందున, సదరు గ్రామమును ఎత్తయిన ప్రాంతముల జాబితాలో చేర్చడమైనది. ముంపు గ్రామముల జాబితా నుండి తొలగించి, షెల్టరు ప్రతిపాదన ముగించడమైనది.’ నేను లబలబలాడుతూ రెండో అర్జీ పెట్టాను. అది జాతీయమనీ, ఆరిపోయిందని అర్థమనీ, ఉదాహరణలతో మూడు పేజీలు వివరించాను. జాతీయములు ఈ కార్యాలయ పరిధిలోనివి కావని జవాబు వచ్చింది. ఆ తరువాత ఒక జీపు వచ్చి, మిట్ట ఉండిన గుంట ఒడ్డున ‘హిల్ వ్యూ పాయింట్’ అనే బోర్డు పాతిపోయింది. కొండ కాదని పంచాయతీ, కొండేనని ప్రభుత్వం, రెండు కాగితాల మీదా ముద్రలున్నాయి. ఆదివారాలు జనం బైకుల మీద వచ్చి గుంటలో నీళ్ల ముందు ఫోటోలు దిగేవాళ్లు.

కార్తీకం వచ్చింది. తుఫాను పట్టింది. మూడు రోజులు ముసురు పెట్టి, నాలుగో రోజు పొద్దున పదింటికి వాగు గట్టు తెగింది. మా ఊరు ఎత్తయిన ప్రాంతాల జాబితాలో ఉన్నందున ఖాళీ చేయించే పడవలు పక్క ఊరికి పోయాయి. చర్చిపాలెంలో మోకాటి లోతు నీళ్లు. కెజియాకు తెల్లారి నుంచే నొప్పులు. ఎటు పోవాలో తెలియక అందరూ, ఎట్లున్నారో చూద్దామని వచ్చిన నా వైపు చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. రెబెక్కమ్మే బర్రెల పలుపులు పట్టుకుని ముందు నడిచింది.

“మన మిట్ట యాడుండాదో నాకు దెలుసు. రాండి,” అన్నది.

అరవై మందిమి, కెజియాను నవారు మంచం మీద మోసుకుంటూ, మూడు మైళ్లు నడిచి హిమశిఖర గార్డెన్స్ చేరాము. చుట్టూ సముద్రంలా నీళ్లు, మధ్యలో అది ఒక్కటే పొడిగా ఉంది. మా ఎర్రమట్టే, రోలరుతో తొక్కి గడ్డి పరిచారు. గేటు మూసి ఉంది. లోపల నేపాలు నుంచి వచ్చిన వాచ్‌మన్ టేక్ బహదూర్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. అతన్ని అందరూ గూర్ఖా అంటారు, పేరు నేను ఆ రోజే అడిగి తెలుసుకున్నాను.

“ఓనర్ సాబ్ పర్మిషన్ కావాలి అమ్మా,” అని, ప్రవీణ్‌కు ఫోను చేశాడు. ప్లాట్లు అమ్ముడైపోయాయి గనుక తనకు అధికారం లేదనీ, ఓనర్ల వాట్సాప్ గ్రూపులో అడగమనీ ప్రవీణ్ సెలవిచ్చాడు. బహదూర్ గేటు ఇవతలున్న మా అందరికీ, మంచానికీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. రెండువందల పన్నెండు మంది చూశారు. హైదరాబాదు నుంచి ఒకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. బెంగుళూరు నుంచి ఒకరు బర్రెలకు నిబంధనల ప్రకారం ప్రవేశం లేదని గుర్తు చేశారు. ఇంకొకరు మన లేఅవుటు మునగలేదు, మంచి ఇన్వెస్ట్‌మెంట్ అని రాశారు. దానికి చాలా మంది బొటనవేలు ఎత్తారు. తెరవమని మాత్రం ఎవరూ అనలేదు.

కెజియా గట్టిగా కేక పెట్టింది. బహదూర్ ఫోను జేబులో పెట్టుకుని గేటు తీశాడు. బర్రెలకు కూడా తీశాడు. లోపల యోగా హాలులో, మధ్యాహ్నం ఒంటిగంటకు, కెజియాకు ఆడపిల్ల పుట్టింది.

మూడో రోజు నీళ్లు తీశాయి, మేం దిగివచ్చాము. నాలుగో రోజు ఓనర్ల సంఘం ఆన్‌లైనులో సమావేశమై, అనుమతి లేకుండా గేటు తీసినందుకు బహదూర్‌ను పనిలోంచి తీసేయడానికి గ్రూపులో ఓటు పెట్టింది. ఆ ఓట్లు అతనే రెబెక్కమ్మకు చూపించాడు. ఆమె నన్ను వెంటబెట్టుకుని పోయి చూపించింది. “ఈసారి తిన్నగా రాయండయ్యోరా, అందరికీ అర్థమయ్యేటట్టు,” అన్నది.

అందుకని తిన్నగా రాస్తున్నాను. అయ్యలారా, అమ్మలారా, ఇది కథ కాదు, అర్జీ. హైవే పక్కన ప్లాటు కొనుక్కున్న మీకే రాసి, బహదూర్ ఫోనులోంచి మీ గ్రూపులో పెట్టిస్తున్నాను. టేక్ బహదూర్‌కు ఆ పని తిరిగి ఇవ్వండి. అతనికి ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. తీసేయమన్న నూటతొంభై ఓట్లలో మీ పేరు కూడా ఉంది, నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. వేసిన ఓటును వెనక్కి తీసుకోవచ్చట, దాని మీద ఇంకోసారి వేలు నొక్కితే పోతుందట, కెజియా చెప్పింది. చూడలేదని మాత్రం అనకండి. ఇంతదాకా చదివారు గనుక నీలం టిక్కులు రెండూ పడే ఉంటాయి.