మార్వోతోగారింటి మైకు

ఆ ఆదివారం పొద్దున మార్వోతో అనే గుమాస్తా పెట్టుకున్న పనులు మూడే. స్నానం చెయ్యాలి, అరువు తెచ్చుకున్న జావా దుస్తులు వేసుకుని సాధన చెయ్యాలి, పదకొండింటికి హర్జో గురువుగారు వస్తే ఆయనకు తన గొంతు వినిపించాలి. గురువుగారు తలూపితే రుసుము కట్టి శిక్షణలో చేరడం. లేకపోతే సోమవారం నుంచి యథాప్రకారం నీళ్ళ ఆఫీసులో కూర్చుని, కుళాయి రానివాళ్ళ తిట్లు వింటూ ఫిర్యాదు కాగితాల మీద ముద్రలు వేసుకోవడం. ఆ పని ఇరవై రెండేళ్ళుగా చేస్తూనే ఉన్నాడు.

జావాలోని క్లాతెన్ ఊళ్ళో పెళ్ళంటే మైకు పట్టుకునే పెద్దమనిషి ఉండాలి. పెళ్ళికూతురు గదిలోంచి అడుగు బయట పెట్టిన దగ్గరనుంచి చివరి అతిథి చెయ్యి కడుక్కునే దాకా, అంతటినీ పాత దర్బారు జావా భాషలో ఆయనే నడిపిస్తాడు. ఆ భాష బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో ఏటేటా తగ్గిపోతున్నారు. పని శని, ఆదివారాల్లోనే. ఉద్యోగం మానక్కర్లేదు. ఆరు నెలల శిక్షణకు హర్జో గురువుగారు తీసుకునేది మార్వోతోకు వచ్చే ఒక నెల జీతం. అంత సొమ్మూ ఇంట్లో ఉంది కానీ, అది కారుతున్న వంటింటి కప్పు కోసం లస్త్రి దాచింది.

"నేర్చుకున్నవాళ్ళందరికీ పెళ్ళిళ్ళు దొరుకుతున్నాయా, మాస్?" అని లస్త్రి వారం రోజులుగా మొగుణ్ణి అడుగుతోంది.

"కష్టపడితే దొరుకుతాయి."

"నేర్పేవాడికి మాత్రం కష్టపడకుండానే ఏడాదికి అరవైమంది దొరుకుతున్నారు."

దీనికి ఎదురు చెప్పడానికి మార్వోతో దగ్గర ఉన్నది ఒక్కటే. బడిలో చదివేటప్పుడు తన గొంతు విని మేష్టారు ఒకసారి కళ్ళు మూసుకున్నారన్న సంగతి. అది భార్యకు పెళ్ళైన కొత్తలోనే చెప్పేశాడు.

లస్త్రి సంతకు బయలుదేరింది. కూతురు నింగ్రుమ్ అప్పటికే మందుల షాపులో డ్యూటీకి వెళ్ళిపోయింది. మార్వోతో తలపాగా సర్దుకుని, నడుముకు బాకు దోపుకుని, పెరట్లోకి వచ్చి చేతిలోకి మైకు తీసుకున్నాడు. అది పేట సంఘం హాల్లోని తీగలేని మైకు. పేటపెద్ద దర్సోనోను అడిగి తెచ్చుకున్నాడు. "స్పీకరు పెట్టె నాకొద్దు. ఊరికే చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకుంటా" అన్నాడు. పెట్టె లేని మైకు గరిటెతో సమానమని అతని నమ్మకం.

పెట్టె హాల్లోనే ఉంది. ఆ హాలు అతని పెరటి గోడకు అవతలే ఉంది. ఆదివారం ఉదయం అక్కడ పేటలోని ఆడవాళ్ళు పాటలు పెట్టుకుని వ్యాయామం చేస్తారు. పాటల కోసం ఆ పెట్టెనే వేస్తారు.

సాధనకు పెళ్ళివారి పేర్లు కావాలి. పెళ్ళికూతురుగా నింగ్రుమ్ పేరే పెట్టుకున్నాడు. సొంత కూతురు అనుకుంటే గొంతులో ఆర్ద్రత వస్తుందని. పెళ్ళికొడుకు కోసం చుట్టూ చూస్తే గోడమీద క్యాలెండరు కనిపించింది. దానిమీద పశువైద్యుడు ప్రసోజో పేరు అచ్చై ఉంది. మార్వోతో గొంతు సవరించుకున్నాడు.

"పుణ్యచరితులగు బంధుమిత్రులారా. నేడు మార్వోతో గృహప్రాంగణమున చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి నింగ్రుమ్‌కును, చిరంజీవి ప్రసోజోకును వివాహ మహోత్సవము సంప్రాప్తమగుచున్నది గావున, తామెల్లరును విచ్చేసి, యథాశక్తి హస్తసహాయ మొనర్చి..."

ఆ పాత భాషలో రెండు పేర్లూ, వివాహమన్న మాటా మాత్రం అర్థమై, హాల్లో ముప్పైమంది ఆడవాళ్ళు చేతులు పైకెత్తినవాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయారు.

పావుగంటలో పక్కింటి తుమినాహ్ వచ్చింది. ఒక చేతిలో కొబ్బరి తురిమే కోరాము, చంకలో రెండు కొబ్బరికాయలు. గుమ్మంలో మార్వోతో వేషం చూసి ఆవిడకున్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"ఇంత దాపరికమా, మార్వోతోగారూ? గోడ అవతల ఉన్నదాన్ని, నాతో ఒక్క మాటైనా అనకూడదూ?"

తన పరీక్ష సంగతి లస్త్రి చెప్పేసిందనుకున్నాడు మార్వోతో. సిగ్గుపడ్డాడు. "ఏమవుతుందో తెలీకుండా నలుగురికీ చెప్పడం ఎందుకని."

"అవతలివాళ్ళు ఎన్నింటికి వస్తారు?"

"పదకొండింటికి. ఆయనొక్కరే వస్తారు."

"ఒక్కడేనా? వెంట పెద్దవాళ్ళెవరూ లేకుండానా?"

"ఆయనకు ఆర్భాటం పడదు."

తుమినాహ్ కొబ్బరికాయలు కింద పెట్టింది. "మరి మీకు ఇష్టమేనా?"

"నాకు ఎన్నాళ్ళనుంచో ఇష్టం. లస్త్రికే మనసొప్పటం లేదు. డబ్బు మనమే ఎదురివ్వాలి కదా."

"మీరే ఇవ్వాలా?" తుమినాహ్ గొంతు తగ్గించింది. "ఎందుకంత తొందర? కొన్నాళ్ళు ఆగలేరూ?"

"రేపటితో గడువైపోతుంది. ఎలాగూ ఆరు నెలలు. ఆ తర్వాత దాచుకోవడానికేముంది, అందరికీ తెలిసిపోతుంది."

తుమినాహ్ వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. అతని చెయ్యి పట్టుకుని, "మీరేం దిగులు పెట్టుకోకండి. పేటలో మేమందరం ఉన్నాం" అంది. మార్వోతో కళ్ళు చెమర్చాయి. తన గొంతు మీద పేటకు ఇంత అభిమానం ఉందని అతనికి ఇంతవరకూ తెలియదు.

తరువాత పనులు వాటంతటవే నడిచాయి. ఆ పేటలో పెళ్ళైనా, చావైనా ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళు కత్తిపీటలూ పెద్ద మూకుళ్ళూ పట్టుకొచ్చి వంటింట్లో దిగారు. మగవాళ్ళు వీధికి అడ్డంగా గుడారం వేశారు. హాల్లోని కుర్చీలూ, వాటితోపాటు స్పీకరు పెట్టె కూడా వచ్చేశాయి. తన మాట వినడానికి ఇంత ఏర్పాటా అని మార్వోతో ఒకరిద్దరిని వారించాడు. "మీరు ఈవేళ పని ముట్టుకోకూడదు" అని వాళ్ళు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు.

పేటపెద్ద దర్సోనో మాత్రం అగ్గిమీద గుగ్గిలంలా ఉన్నాడు. పెళ్ళికొడుకు ఒక్కడే వస్తాడన్నమాట ఆయనకు నచ్చలేదు. అసలు వస్తాడో రాడోనని ప్రసోజోకు ఫోను చేశాడు.

"మార్వోతో ఇంటికి వెంటనే రండి. ఇప్పటికే ఆరో నెల అంటున్నారు."

"ఆరో నెలే అయితే కంగారు లేదండీ. ఇంకా టైముంది. మేత బాగా తింటోందా?" అన్నాడు ప్రసోజో.

దర్సోనో అందుకు అన్న మాటలు ఇక్కడ రాసేవి కావు. ఆవు యజమానులు ఇంత కోపిష్ఠులు కావడం ప్రసోజోకు కొత్తేమీ కాదు కనుక, తాళ్ళూ సంచీ తీసుకుని బయలుదేరాడు.

పదింబావుకు లస్త్రి సంతనుంచి వచ్చింది. వీధి మలుపులో బండి ఆపేసింది. తన గుమ్మం ముందు గుడారం. కింద వరసగా కుర్చీలు. పొద్దున తాను బయలుదేరినప్పుడు ఇవేవీ లేవు. ఇంట్లో ఉన్నది మొగుడొక్కడే. ఎదురొచ్చిన తుమినాహ్ ఆమెను కావలించుకుని, "ధైర్యంగా ఉండు. జరిగిందేదో జరిగిపోయింది, మనచేతిలో ఏముంది" అంది.

లస్త్రి చేతిలో కూరల సంచీ జారిపోయింది. టమాటాలు వీధిలో దొర్లుతుంటే వాటిని దాటుకుంటూ పరిగెత్తింది. కప్పు గురించి అన్న మాటలన్నీ ఆ నాలుగడుగుల్లోనే ఆమెకు గుర్తొచ్చాయి. రుసుము కట్టమంటే పోయేది కదా, నెల జీతమే కదా అనుకుంది. గుడారంలో తలపాగాతో, బాకుతో, కాలుమీద కాలు వేసుకుని టీ తాగుతూ మార్వోతో కనిపించాడు.

ఆమె దగ్గరకు వెళ్ళి అతని బుగ్గ తాకి చూసింది. వెచ్చగానే ఉంది. తరువాత భుజంమీద గట్టిగా ఒక్కటి వేసింది.

"ఎందుకు కొడతావు?" అన్నాడు మార్వోతో.

"బతికున్నందుకు" అని అక్కడే కూలబడి ఏడ్చింది. చూస్తున్న ఆడవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు పెళ్ళికూతురి తల్లివని వాళ్ళ ఉద్దేశం.

ఈలోగా ఎవరో ఫోను చేస్తే నింగ్రుమ్ వచ్చింది. బండి దిగగానే ఒకావిడ మెత్త వేసిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, చేతికి లేత కొబ్బరిబోండం ఇచ్చి, "ఈ పరిస్థితుల్లో బండి నడపకూడదమ్మా" అంది.

"ఏ పరిస్థితుల్లో? ఇక్కడ ఎవరికి పెళ్ళి?"

"నీకే. పశువుల డాక్టరుతో."

"మా పిల్లికి సూది వేయించడానికి ఒక్కసారి వెళ్ళాను. అంతే."

"అలాగే మొదలవుతాయమ్మా" అంది ఆవిడ దయగా.

సరిగ్గా అప్పుడే ప్రసోజో గుడారంలోకి వచ్చి, తాళ్ళు భుజాన వేసుకుని, "ఎక్కడుంది?" అని అడిగాడు. నలుగురు మగవాళ్ళు లేచారు. నింగ్రుమ్ తండ్రివైపు చూసింది. లస్త్రి కూడా చూసింది. గోడ అవతల పొద్దున ఏం వినిపించిందో తుమినాహ్ వాళ్ళిద్దరికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. మార్వోతో చేతిలోని మైకును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"వెళ్ళి చెప్పండి. అందరికీ వినపడేలా చెప్పండి. మీరే కదా మొదలుపెట్టారు" అంది లస్త్రి.

పదకొండయింది. హర్జో గురువుగారు కూడా వచ్చి ముందువరసలో కూర్చున్నారు. తనకోసం ఇంతమందిని పోగుచేశారనుకుని ఆయన సంతోషించారు. మార్వోతో లేచి నిలబడ్డాడు. ఇంతమంది ముందు తప్పు ఒప్పుకోవడానికి అతనికి మామూలు మాటలు ఒక్కటీ దొరకలేదు. నెలరోజులుగా సాధన చేసిన భాషే నోటికొచ్చింది.

"పూజ్యులారా, మదీయ అజ్ఞానాంధకారమున జనించిన భ్రాంతివలన తమ యమూల్య కాలమునకు భంగము వాటిల్లినది. కల్యాణమను కుసుమము ఈ ప్రాంగణమున వికసించినదని తాము భావించిరి. ఆ కుసుమము మొగ్గయే తొడుగలేదు. ఆ తీగ మొలవనేలేదు..."

గొంతు మాత్రం నిజంగా బాగుంది. పావుగంటసేపు గుడారంలో ఎవరూ కదల్లేదు. పువ్వులు, తీగలు, మొగ్గలు వినపడుతున్నకొద్దీ ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. దర్సోనో కోపం కరిగిపోయి, ప్రసోజో భుజం తట్టాడు. మార్వోతో తల వంచి ముగించగానే గుడారమంతా చప్పట్లతో మారుమోగింది. "అమ్మాయిని ఎంత చక్కగా అప్పగించాడు" అన్నారెవరో. వెనకాల కుర్రకారు వధూవరులకు కుర్చీలు జరిపారు.

మార్వోతో నిస్సహాయంగా భార్యవైపు చూశాడు. లస్త్రి కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి మైకు తీసుకుంది.

"పెళ్ళి లేదు" అంది.

కుర్చీలు జరిపిన కుర్రాళ్ళు వాటిని మళ్ళీ వెనక్కి లాగారు.

"అమ్మాయికి ఆరో నెల లేదు. డాక్టరుగారూ, మాకు ఆవు కూడా లేదు. మా ఆయన పెళ్ళిళ్ళలో మాట్లాడ్డం నేర్చుకుందామనుకున్నాడు. ఆరు నెలలు అన్నది ఆ చదువు. పొద్దున మైకులో సాధన చేశాడు, అది హాల్లో వినపడింది. తప్పు మాదే. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ ఈయన వింటున్నాడు. ఒక్కరోజు ఈయన మాట ఊరు వింటే బాగుండుననుకున్నాడు. విన్నారు. అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు, సంతోషం. పనసకాయ కూర ఉడికింది. అన్నం అయింది. తినకుండా ఎవరూ కదలొద్దు."

ముందు నవ్వింది ప్రసోజో. తరువాత గుడారమంతా నవ్వింది. దర్సోనో డాక్టరుకు తానే విస్తరి తెచ్చి పెట్టాడు. నింగ్రుమ్ మిగిలిన కొబ్బరినీళ్ళు తాగేసింది.

గురువుగారు చెయ్యి కడుక్కుని వచ్చారు. మార్వోతో తలపాగా సర్దుకుని ఎదురెళ్ళాడు. ఆయన అతన్ని దాటి లస్త్రి దగ్గర ఆగారు.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఇలా మాట్లాడటం?"

"సంతలో. బేరాలాడి."

"ఈమధ్య పుట్టినరోజులకూ, చిన్న విందులకూ సూటిగా, క్లుప్తంగా చెప్పేవాళ్ళు కావాలని అడుగుతున్నారు. నా శిష్యుల్లో అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు. పై ఆదివారం ఒక విందు ఉంది, వస్తారా?"

"మీకు రుసుమెంత?"

"మీకు నేర్పేదేముంది? వాళ్ళే మీకిస్తారు."

మార్వోతో కుర్చీలో కూర్చుని, మెల్లగా తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గురువుగారు తన గురించి ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇద్దరూ మూకుళ్ళు తోముతున్నారు. కప్పునుంచి చినుకులు బకెట్లో పడుతున్నాయి.

"రేపు వెళ్ళి ఆ డబ్బు కట్టెయ్యండి" అంది లస్త్రి.

"ఆయన నన్ను కన్నెత్తి చూడలేదు కదా. ఎందుకు దండగ."

"తుమినాహ్ ఏడ్చింది, మాస్. ఒక్క ముక్క అర్థం కాకుండానే ఏడ్చింది. మీ గొంతులో అంత ఉంటే, ఆ భాష కూడా సరిగ్గా నేర్చుకుంటే ఏమవుతుందో చూద్దాం. కప్పు సంగతి నేను చూసుకుంటా, విందులకు రమ్మంటున్నారుగా."

మార్వోతో చాలాసేపు ఒకే మూకుడు తోముతూ ఉండిపోయాడు.

మర్నాడు గురువుగారు రుసుము లెక్కపెట్టుకుని తలూపారు. ఇప్పుడు క్లాతెన్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఇద్దర్నీ కలిపే పిలుస్తున్నారు. మార్వోతో మాట్లాడుతున్నంతసేపూ జనం కళ్ళు తుడుచుకుంటారు, లస్త్రి మాట్లాడగానే భోజనాలకు లేస్తారు.