నీలం తీగ ప్రారంభోత్సవం

అనకాపల్లి చెరకు రైతుల డిజిటల్ సేవా సంఘంలో ఇంటర్నెట్ దివ్యంగా పనిచేస్తోందని సభ్యులందరికీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వీధి స్తంభం దాకా వస్తోంది. స్తంభం నుంచి వరండా గోడ మీదున్న పెట్టె దాకా వస్తోంది. ఆ పెట్టెలో పచ్చ దీపాలు పెళ్ళివారింట్లో సీరియల్ సెట్టులా మిలమిలలాడుతున్నాయి. అక్కడి నుంచి గుమ్మం దాటి లోపలి గదిలోని కంప్యూటర్లోకి వెళ్ళడం ఒక్కటే తరువాయి. అభివృద్ధి జరిగేటప్పుడు ఇలాంటి చిన్న పనులు ఒకటీ అరా మిగలడం సహజమని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంఘం చేసే పని ఒక్కటే. ఎవరి చెరకు ఎప్పుడు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డరు ఇవ్వడం. ఆర్డరు లేకుండా నరికిన చెరకును మిల్లువారు గేటు దగ్గరే ఆపేస్తారు. పోనీ బెల్లం వండుకుందామంటే, సంఘంలో రాయించిన తోటలో గెడ ఒక్కటి గానుగలో పెట్టినా సభ్యత్వం రద్దు. వెనకటికి గుమస్తా చెవి మీంచి పెన్సిల్ తీసి చీటీ రాసిచ్చేవాడు. రైతు దాన్ని తలపాగాలో దోపుకుని వెళ్ళి చెరకు నరుక్కునేవాడు. ఇది వెనకబాటుతనం కాబట్టి సంఘాధ్యక్షులు చంద్రమౌళి గారు చీటీలు రద్దు చేసి కంప్యూటరు కొన్నారు. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టం వేయించాలన్న విషయమై కార్యవర్గం చాలా లోతుగా చర్చించింది. లినక్స్ అనేది ఒకటుందనీ, దానికి పైసా కట్టక్కర్లేదనీ తెలియగానే ఆ లోతు చాలని అందరూ లేచారు.

ప్రారంభోత్సవానికి గౌరవ నాయకులు రాజేంద్రప్రసాద్ గారిని పిలిచారు. రిబ్బను కత్తెరతో కోయడం దర్జీల పద్ధతి అనీ, చెరకు సంఘానికి చెరకు కత్తే శోభ అనీ చంద్రమౌళి గారికి తోచింది. ఆ చుట్టుపక్కల కొండతల్లి కత్తంత పదునైనది ఇంకోటి లేదు. ఆవిడది కోటవురట్ల దగ్గరి పల్లె. భర్త పోయాక తోట ఆవిడే చూసుకుంటోంది, ఆ కత్తి పదును కూడా ఆవిడే చూసుకుంటోంది. సంఘంవాళ్ళు వచ్చి అడిగితే కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. పిడికి జరీ కాగితం చుట్టారు. 

కేబుల్ వేసిన మనిషి వరండా పెట్టె నుంచి లోపలి కంప్యూటరుకి నీలం తీగ లాగి, గోడకి క్లిప్పులు రేపు కొడతానని చెప్పి వెళ్ళిపోయాడు. మనవాళ్ళలో రేపు అన్నవాడు ఎప్పుడొస్తాడో మీకు తెలుసు. తీగ గుమ్మానికి అడ్డంగా నడుమెత్తున బిగుతుగా నిలిచిపోయింది. సంఘం అటెండరు నూకరాజు రిబ్బను కడదామని చూస్తే అది జారిపోతోంది. పురికొస వెతికితే దొరకలేదు.

“తీగ ఉంది కదేటి బావా, దీనికే సుట్టేత్తే బిగిసి ఉంటాది,” అని తనతో వచ్చిన పూలవాడితో అని, రిబ్బను నీలం తీగకి మెలికలు తిప్పి చుట్టేశాడు. పూలవాడు దాని మీద బంతిపూల దండ కూడా వేలాడదీశాడు.

నాయకుల వారు వచ్చారు. చెరకు తీపి గురించీ, తమ మనసు తీపి గురించీ ప్రసంగించారు. కత్తి అందుకున్నారు. కార్యదర్శి త్రినాధరావు గారు నీలం తీగను చూశారు. చంద్రమౌళి గారూ చూశారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళందరూ చూశారు. త్రినాధరావు గారు ఏదో అనబోయి నోరు తెరిచారు కూడా. కానీ ఎత్తిన చేతిని ఆపడం అపశకునం, అందులోనూ ఆ చేయి నాయకులది. కత్తి కొండతల్లిది కాబట్టి ఒక్క వేటుకే రిబ్బనూ, దండా, తీగా మూడూ తెగిపడ్డాయి. చప్పట్లు మోగాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది. గాలిలో ఎగిరిన రెండు తీగ ముక్కలూ అందులో స్పష్టంగా ఉన్నాయి, నీలం రంగు మరీ బాగా పడింది. దాన్ని పెద్దది చేయించి, సరిగ్గా ఆ గుమ్మం పైనే వేలాడదీశారు. కత్తిని గాజు పెట్టెలో పెట్టి సంఘం ఆస్తిగా ప్రకటించారు.

మర్నాడు కంప్యూటరు తెరవగానే తెర మీద ఒక వాక్యం కనిపించింది. కేబుల్ తగిలించి లేదు అని దాని భావం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు కూడా తొలిరోజే పైవాళ్ళ తప్పు పట్టుకోడు. లినక్స్‌కి ఆ పాటి ఇంగితం లేకపోయింది. త్రినాధరావు గారు నొచ్చుకుని, దానికి ఆలోచించుకునే అవకాశం ఇద్దామని ఆపి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే మాట అంది.

కొత్త తీగ ముక్క మెయిన్ రోడ్డులో ఏ కొట్లోనైనా దొరుకుతుంది. కానీ కొనాలంటే పాతదానికి ఏమైందో రాయాలి. నాయకులు నరికారు అని రాయడానికి కార్యవర్గంలో ఎవరికీ చేతులు రాలేదు. ఎలుక కొరికిందని రాద్దామని ఒకరన్నారు. గుమ్మం పైన ఫొటో ఉండగా నాయకుల వారిని ఎలుక అన్నట్టు కాదా అని ఇంకొకరు అడ్డుపడ్డారు. అందుచేత తీగ బాగానే ఉందనీ, దోషం లినక్స్‌లోనే ఉందనీ ఏకగ్రీవంగా తీర్మానించి, దాన్ని దారిలో పెట్టడానికి ఒక ఉపసంఘాన్ని వేశారు.

ఉపసంఘం పట్టుదలగా పనిచేసిందని ఒప్పుకోవాలి. ముందుగా లినక్స్ మొత్తం తుడిపించి కొత్తగా వేయించింది. కొత్తది కూడా కళ్ళు తెరుస్తూనే కేబుల్ లేదంది. నెట్‌వర్కు కార్డు మార్పించింది. మౌస్ మార్పించింది. తర్వాత వాస్తు చూసే ఆయన వచ్చి, యంత్రం ముఖం దక్షిణానికి ఉండటమే కారణమన్నాడు. కంప్యూటర్ని ఈశాన్యానికి జరిపారు. దానితోపాటు దాని వైపు తెగిన తీగ ముక్కను కూడా చుట్ట చుట్టి, పసుపు రాసి, ఈశాన్యానికే జరిపారు. తీగతో పని లేకుండా గాలిలో అందుకునే వైఫై పుల్ల ఒకటి కొన్నారు. అది లినక్స్‌లో పనిచేయాలంటే డ్రైవరు కావాలి. డ్రైవరు ఇంటర్నెట్‌లో ఉంది. ఇంటర్నెట్ కావాలంటే వైఫై పుల్ల పనిచేయాలి. పెన్‌డ్రైవులో తెద్దామంటే, రహస్యాలు బయటికి పోతాయని ఆ పుల్లకి వదిలింది తప్ప మిగతా పెన్‌డ్రైవు కన్నాలన్నీ చంద్రమౌళి గారు లక్కతో మూయించారు. సంఘానికి రహస్యాలేమున్నాయని అడగకండి. గుమ్మం పైనే వేలాడుతున్నది ఒకటి ఉంది.

ఈలోగా కొండతల్లి తోట పూతకొచ్చింది. చెరకు పూత పూసిందంటే చూడటానికి తెల్లగా అందంగా ఉంటుంది, లోపల రసం మాత్రం తగ్గిపోతూ వస్తుంది. ఇంకా నిలబెడితే గెడ బెండు కట్టి పొయ్యిలోకి తప్ప పనికిరాదు. ఆవిడ బస్సెక్కి సంఘానికి వచ్చింది.

“ఏటి బాబూ, నా ఆర్డరు ఎప్పుడిత్తారు? సెరుకు బెండైపోతంది.”

“లినక్స్ మొండికేసిందమ్మా. నువ్వు కూకో, మజ్జిగ తాగు,” అన్నారు త్రినాధరావు గారు.

కొండతల్లి కూర్చోలేదు. గుమ్మం దగ్గర వరండా పెట్టె నుంచి వేలాడుతున్న ముక్కను చూసింది, పైన ఫొటో చూసింది.

“ఆ తీగ తెగ్గొట్టేరు కదా బాబూ, అందుకే రాట్లేదేమో. కొత్తది ఏయించండి.”

నూకరాజు పరుగున వచ్చి ఆవిడ చెవి దగ్గర, “అత్తా, నీకు దణ్ణం పెడతాను, ఆ మాటనకు. మాకు తెల్దేటి? అందరికీ తెలుసు,” అన్నాడు.

“అందరికీ తెలిత్తే మరి బాగుసెయ్యరేటి?”

“అందరికీ తెలుసు కాబట్టే అత్తా, ఎవులూ సెప్పకూడదు.”

“పోనీ నా కత్తైనా ఇచ్చియ్యండి. కలుపైనా కోసుకుంటాను,” అందావిడ. అది ఇప్పుడు చారిత్రక వస్తువనీ, దానితో కలుపు కోయడం నాయకుల వారికి అవమానమనీ చంద్రమౌళి గారు సౌమ్యంగా వివరించారు. కొండతల్లికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత విశాఖపట్నం నుంచి తారక్ అనే ఇంజనీరుని రప్పించారు. అతను కూర్చుని ఒక కమాండు కొట్టాడు, లింకు డౌన్ అని వచ్చింది. తీగ చుట్ట విప్పి, దాని రెండో సగాన్ని వెతుక్కుంటూ ఈశాన్యం నుంచి గుమ్మం దాకా నడిచాడు. చేతికి ఎండిన బంతిపువ్వూ, రిబ్బను పీలికా తగిలాయి.

“సార్, తీగ తెగిపోయింది,” అన్నాడు పాపం.

“తెగలేదు బాబూ. ప్రారంభమైంది,” అన్నారు చంద్రమౌళి గారు.

తారక్ తలెత్తి ఫొటో చూశాడు. కొబ్బరినీళ్ళు ఇస్తే తాగాడు. చదువుకున్న కుర్రాడు కాబట్టి త్వరగానే గ్రహించి, లినక్స్ స్థానిక పరిస్థితులకు ఇంకా అలవాటు పడలేదు అని నివేదిక ఇచ్చి బస్సెక్కాడు. ఉచితంగా వచ్చినదానికి ఇంతకంటే ఏం బుద్ధి ఉంటుందని కార్యవర్గం ఊరట చెందింది.

ఇంత చీకట్లోనూ త్రినాధరావు గారికి ఒక వెలుగు కనిపించింది. కొత్త తీగను పాతదానికి బదులుగా కాక, రెండో దశ విస్తరణ పేరుతో వేస్తే? అప్పుడు పాతదానికి ఏమైందో ఎవరూ రాయక్కర్లేదు. ఈ ఉపాయానికి ఆయనను శాలువాతో సత్కరించారు. కొత్త తీగ వచ్చింది, అదే మనిషి వచ్చి అదే చోట లాగాడు, క్లిప్పులు రేపు కొడతానన్నాడు. రెండో దశ అన్నాక రెండో ప్రారంభోత్సవం ఉండాలి కదా, నాయకుల వారికి కబురు వెళ్ళింది.

ఆ రోజు కొండతల్లి అందరికంటే ముందే వచ్చింది. తోటలో దిగువన తడి నిలిచే మడిలో చెరకు ఇంకా పచ్చగానే ఉంది. ఆ పూట ఆర్డరు చేతికొస్తే సగం చెరకైనా మిల్లుకి చేరుతుంది. లోపల కంప్యూటరు వెనక పచ్చ దీపం వెలిగింది. ఇన్నాళ్ళకి లినక్స్ ఏ ఆక్షేపణా చెప్పకుండా నోరు మూసుకుంది. త్రినాధరావు గారు పరీక్షకని ఆర్డర్ల పేజీ తెరిచి చూస్తే, మొట్టమొదట కొండతల్లి పేరే వచ్చింది. పేరు, ఊరు, తోట, అన్నీ. కింద ఆర్డరు ఇవ్వండి అనే మీట ఒకటి.

“బాబూ, నొక్కీండి! నా పేరే కదా అది, నొక్కీండి!” అంది కొండతల్లి.

“ప్రారంభం కానిదే ఎలా నొక్కుతానమ్మా? ఒక పద్ధతంటూ ఉంది కదా,” అన్నారు త్రినాధరావు గారు. నాయకుల వారు వచ్చే దారిలో రెండు పెళ్ళిళ్ళకి ఆగారని తెలిసింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. పేరు తెర మీద అలాగే ఉంది. నొక్కడానికి తీరికా ఉంది, వేలూ ఉంది. పద్ధతి ప్రకారం అందరూ ఎదురుచూశారు.

గుమ్మం దగ్గర నూకరాజు రిబ్బనును కొత్త నీలం తీగకి చుడుతున్నాడు. ఈసారి పురికొస ఉంది. అయినా చుడుతున్నాడు.

“ఏటిరా నూకరాజూ, మళ్ళీ దానికేనా?” అని కొండతల్లి కేకేసింది.

“పోయినసారి ఇలాగే కట్టేం కదత్తా. ఫొటో బాగా వచ్చిందని దీనికే కట్టమన్నారు.”

నాయకుల వారు వచ్చారు. మొదటి దశ విజయం గురించి ప్రసంగించారు. గాజు పెట్టె తెరిచి కత్తి చేతికిచ్చారు. అది పైకి లేచింది. కొండతల్లి ఇక ఆగలేకపోయింది. జనాన్ని తోసుకుని, రెండు చేతులూ ఎత్తి అరిచింది.

“బాబూ, ఆ నీలం తీగ! పోయినసారి మీరే కోసేరు బాబూ!”

చంద్రమౌళి గారు కళ్ళు మూసుకున్నారు. నాయకుల వారు ఒక్క క్షణం ఆగి, ఆమె వంక చూసి, ముఖమంతా నవ్వు నింపుకున్నారు.

“చూశారా! ఎక్కడో పల్లెలో ఉండే ఈ రైతు తల్లికి కూడా ఎంత గుర్తుందో! అవును తల్లీ, నేనే కోశాను. ఈసారి కూడా నేనే కోస్తాను!”

చప్పట్లు దద్దరిల్లాయి. కొండతల్లి కత్తికి పదును ఏమాత్రం తగ్గలేదు. త్రినాధరావు గారు లోపలికి వెళ్ళి, కంప్యూటరుకి దణ్ణం పెట్టి, ఆమె పేరు కింద మీట పద్ధతి ప్రకారం నొక్కారు. తెర మీద చిన్న చక్రం కాసేపు తిరిగింది. తర్వాత లినక్స్ తన పాత మాటే అంది.

తోటకి కొండతల్లి నిప్పు పెట్టుకుంది. బెండు గెడలు బాగా మండుతాయి. ఇదంతా విని మీకు జాలి కలిగి ఉంటే మంచిదే, జాలికి ఏ ఆర్డరూ అక్కర్లేదు. రెండో ఫొటోను మొదటిదాని పక్కనే వేలాడదీశారు. ఆనందం పట్టలేక చేతులెత్తిన రైతు మహిళ అని కింద రాయించారు. నిదానంగా చూస్తే ఆ ఫొటోలో చప్పట్లు కొట్టని చేతులు ఆవిడవే కనిపిస్తాయి. నా చేతులు రెండో వరుసలో ఉన్నాయి, ఉంగరం వల్ల గుర్తుపట్టాను. మీరు ఆ రోజు అనకాపల్లి రాలేదంటారా? నేనూ మొదట అలాగే అన్నాను. నా వెనక వరుసలో, తీగ వంక చూస్తూ చప్పట్లు కొడుతున్న మనిషి అచ్చం మీలాగే ఉన్నారు. ఫొటో ప్రతి కావాలంటే సంఘంలో పేరు రాయించుకోండి. ఇంటర్నెట్ రాగానే పంపిస్తారు.