కటింగ్ మాస్టారి ఖాళీ కడుపు

ఆ రోజు కటింగ్ మాస్టారి పథకం చాలా చిన్నది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌లో ఉండగా చొక్కాల ఫ్యాక్టరీ వెనక గేటు నుంచి జారుకోవాలి. మూడింటికి ఆసుపత్రిలో గొట్టం మింగాలి. సాయంత్రం ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. ఇందులో ఇంకొకరి ప్రమేయం లేదు కాబట్టి చెడిపోయే ప్రమాదం కూడా లేదనుకున్నారు, పాపం.

నొప్పి మొదలై నాలుగు నెలలైంది. లోపల ఎవరో పేగును తడిబట్టలా పిండుతున్నట్టు ఉంటుంది. మొదటి డాక్టరు గ్యాస్ అన్నాడు. రెండో ఆయన టెన్షన్ అన్నాడు. మూడో ఆయన స్కానింగ్ చూసి "నిక్షేపంగా ఉన్నారండీ" అని, నిక్షేపంగా ఉన్నవాడికి నొప్పి ఎందుకొస్తోందో చెప్పకుండానే తర్వాతి రోగిని పిలిచాడు. నాలుగో డాక్టరమ్మ మాత్రం మొహం గంభీరంగా పెట్టి, గొట్టం వేసి చూస్తే గాని చెప్పలేనంది. దానికి తేదీ దొరకడానికే నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా మాస్టారికి కంటి మీద కునుకు లేదు. లోపల ఏదో ఉందంటారేమోనని ఒక భయం, ఏమీ లేదంటారేమోనని ఇంకో భయం. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

ఇంట్లో చెప్పవచ్చు కదా అంటే, చెప్పే మొహం ఎక్కడిది? ఒకప్పుడు గుండెపోటని బంధువులందరినీ ఆసుపత్రికి పరుగులు పెట్టించి, తీరా చూస్తే బెల్టు బిగుతైందని తేలిన మనిషి ఆయన. అప్పటి నుంచి ఆయన తుమ్మినా అత్తగారు ముందు బెల్టు వైపు చూస్తుంది. అందుకే రిపోర్టు చేతిలో పడేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

పొద్దున భార్య టిఫిన్ ప్లేటు తెచ్చి ముందు పెట్టింది.

"వద్దు. ఆకలి లేదు," అన్నారు మాస్టారు.

"రాత్రి మా అమ్మ అన్న మాటకేనా?"

"ఏ మాట?"

"ఏమీ ఎరగనట్టు అడక్కండి. కూరలో ఉప్పు తక్కువైందని మీరనడం, మీ నాలుకే మొద్దుబారిందని అమ్మ అనడం."

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"అయితే తినండి."

"తినను."

"పోనీ మంచినీళ్లు?"

"అవీ వద్దు."

ఆ ఇంట్లో కంచం తోసేస్తే ఒకటే అర్థం, అలక. అన్నం మానేస్తే చిన్న అలక, నీళ్లు కూడా మానేస్తే పెద్ద అలక. మాస్టారు చెప్పులు వేసుకునేసరికి లోపల అత్తగారు బట్టలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆయనకు వినపడాలనే గట్టిగా సర్దుతోంది.

ఫ్యాక్టరీలో ముందు రోజే ఒక సంగతి జరిగి ఉంది. మాస్టారు పూట సెలవు అడిగితే, మేనేజరు అందరి ముందూ "ఆర్డరు వెళ్లేదాకా ఎవరికీ సెలవుల్లేవు" అని మొహం మీదే చెప్పాడు. ఇప్పుడు అదే మాస్టారు టీ తాగలేదు, నీళ్లు ముట్టలేదు, బల్ల మీద పరిచిన గుడ్డల దొంతరకు మార్కింగు గీస్తూ మధ్యమధ్య పొట్ట పట్టుకుంటున్నారు. యూనియన్ సెక్రటరీ ఇది చూశాడు. క్యాంటీన్ తిండి బాగుచేయించాలని ఏడాదిగా పోరాడుతూ, సమస్యను నెత్తిన మోసే మనిషి దొరక్క నీరసపడిపోయిన వాడతను.

"ఎందుకు తినట్లేదు మాస్టారూ?"

"ఇప్పుడు చెప్పలేను. మూడు దాటనీ, అన్నీ చెప్తాను."

సెక్రటరీ కళ్లు మెరిశాయి. "గడువు పెట్టారన్నమాట."

"గడువు కాదయ్యా..."

"నాకర్థమైంది. మీరు మాట్లాడకండి, నీరసం వస్తుంది."

మాస్టారు నిరాహారదీక్ష పట్టారన్న మాట పాకి, కాసేపటికి కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. భోజనాల వేళకు క్యాంటీన్ వైపు ఒక్కరూ కదల్లేదు. అందరూ వచ్చి మాస్టారి బల్ల చుట్టూ నేల మీద కూర్చున్నారు. వెనక గేటుకు వెళ్లే దారి నిండా జనమే. ఆ జనం తనకోసమే కూర్చున్నారు కాబట్టి మాస్టారు వాళ్లను తిట్టలేకపోయారు.

సరిగ్గా అప్పుడే భార్య కారియర్ పట్టుకుని వచ్చింది. సెక్రటరీ ఎదురెళ్లాడు.

"ఎప్పటినుంచి తినలేదమ్మా మాస్టారు?"

"రాత్రే కంచం ముందు నుంచి లేచిపోయారండీ. పొద్దున నీళ్లు కూడా ముట్టలేదు. తప్పంతా మా అమ్మదే," అంది ఆమె కళ్లొత్తుకుంటూ.

సెక్రటరీ చివరి ముక్క వదిలేసి మిగతాదంతా గొంతెత్తి అందరికీ చెప్పాడు. రాత్రి నుంచి అనే మాటకు మేనేజరు గాజు గదిలోంచి బయటికొచ్చాడు. వెనకే పళ్లరసం గ్లాసు కూడా వచ్చింది.

"మాస్టారూ, పూట సెలవే కదా, తీసుకోండి. క్యాంటీన్ వంటవాణ్ని రేపే మార్చేస్తాను. ముందు ఇది తాగండి."

మాస్టారు గోడ గడియారం చూశారు. రెండున్నర.

"నాకేమీ వద్దు సార్. నేను ఆసుపత్రికి వెళ్లాలి. దారి వదలండి చాలు."

"విన్నారా?" అన్నాడు సెక్రటరీ. "మనిషిని ఆసుపత్రి పాలయ్యేదాకా తెచ్చారు."

మిషన్ల దగ్గరి ఆడవాళ్లు ముక్కులు చీదారు. మేనేజరు గ్లాసు మాస్టారి భార్య చేతికిచ్చి, "మీరే నచ్చజెప్పండమ్మా," అన్నాడు. ఇక లాభం లేదని మాస్టారు ఒట్టు గట్టున పెట్టారు. చెప్పేస్తే నవ్వుతారు, నవ్వనీ అనుకున్నారు.

"నేను దీక్షలో లేను. నాకు కడుపులో..." అని నోరు తెరిచారు.

తెరిచిన నోట్లో భార్య గ్లాసు వంచేసింది.

చప్పట్లు మోగాయి. మాస్టారు దగ్గారు, ఉమ్మారు, అయినా సగం లోపలికి పోయింది. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతుంటే, గెలుపు తట్టుకోలేక ఏడుస్తున్నారని సెక్రటరీ కూడా ఏడ్చాడు.

ఆసుపత్రికి ఆయన ఆటోలో వెళ్లారు, మంజూరైన సెలవు మీద. "ఏమైనా తీసుకున్నారా?" అంది నర్సు.

"పళ్లరసం. నేను తాగలేదమ్మా, తాగించారు."

"ఎవరు తాగించినా కడుపులోకే కదండీ వెళ్లేది," అని ఆమె మళ్లీ నెలన్నర తర్వాతి తేదీ ఇచ్చింది.

"ఈలోపు నాకేమైనా అయితే?"

"అయితే వెంటనే వచ్చేయండి."

బయట బెంచీ మీద కూర్చుంటే నొప్పి మళ్లీ మొదలైంది. అంతమంది తన కోసం పని మానేసి కూర్చున్నారు, తన కోసం ఏడ్చారు. ఒక్కరూ తన మాట పూర్తిగా వినలేదు. ఆయనకు కోపం కూడా రాలేదు, ఒంటరివాణ్నని దిగులేసింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు సర్దిన బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేసుకుంది. కంచంలో అన్నం రాశి పోసి ఉంది. రెండు ముద్దలు తిన్నారో లేదో పేగు మెలిపడింది. ఇంక దాచే ఓపిక లేకపోయింది.

"నాలుగు నెలలుగా కడుపులో నొప్పి. ఇవాళ పరీక్షకని తినలేదు, మీ అమ్మ మీద అలిగి కాదు. లోపల ఏముందోనని నాకు చచ్చేంత భయంగా ఉంది," అన్నారు.

భార్య గరిటె కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. అత్తగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. నాలుగు నెలల్లో మొదటిసారి మాస్టారికి గుండె తేలికపడింది. అప్పుడు అత్తగారి చూపు మెల్లగా ఆయన బెల్టు మీదికి దిగింది.

"నాలుగు నెలలుగా ఉంటే నాకు తెలియదా?" అంది భార్య, మళ్లీ గరిటె అందుకుంటూ. "పొద్దున్నుంచి ఏమీ తినకపోతే కడుపునొప్పి రాక ఏమొస్తుంది? తినండి."

నలుగురు డాక్టర్లకు అంతుచిక్కని రోగం ఆ వంటింట్లో ఒక్క నిమిషంలో తేలిపోయింది.