స్టేషన్ వెనక వీధిలో వజ్రం

ఆ ఉదయం సువర్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడ మీద గదిలో దిగిన పెద్దమనిషికి వేడివేడిగా ఉగ్గాని, బజ్జి పెట్టాలి. ఆయన తిని "మళ్ళీ వస్తానమ్మా" అనాలి. ఆ మాట మొగుడి చెవిన పడాలి.

ఆ గది వెనక ఒక పంతం ఉంది. అనంతపురం రైల్వే స్టేషన్ వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. భర్త నాగేశ్వర పెళ్ళిళ్ళకు షామియానాలు అద్దెకిస్తాడు. మేడ మీది గదిని ఆ సామాన్లతో నింపాలని అతని కోరిక. సున్నం కొట్టించి, మంచం వేసి ఊరు చూడవచ్చినవాళ్ళకు అద్దెకివ్వాలని ఆమె పట్టుదల.

"ఈ వీధిలో చూసేదానికి ఏముండాది, రైలు కూత తప్ప? యాడి మనిషో ఈడికొచ్చి ఎందుకుంటాడు?" అన్నాడు నాగేశ్వర. వారం రోజుల మూతిముడుపుల తర్వాత ఒప్పందం కుదిరింది. మొదట దిగినవాడు సంతోషంగా పోతే గది ఆమెది. మొహం మాడ్చుకుని పోతే షామియానాలది.

మొదట దిగినవాడు భీమేశ్వరం గారు. కాకినాడ వైపు ఆయన. ఉద్యోగమంతా రైలు తపాలా పెట్టెలో ఉత్తరాలు వేరుచేస్తూ గడిపాడు. రైలు ఆగిన ప్రతి ఊరినీ తలుపులోంచే చూసిన మనిషి, రిటైరయ్యాక ఒక్కో ఊళ్ళో దిగి, స్టేషన్ పక్క వీధిలో నాలుగు రోజులుండి పోతున్నాడు. "గుళ్ళూ కోటలూ అందరూ చూస్తారండి. నాకు పాలవాడి బేరం, కుళాయి కాడ తగాదా కావాలండి" అన్నాడు దిగిన రోజే. సువర్ణకు ప్రాణం లేచొచ్చింది. ఆ వీధిలో కరువు లేనిది కుళాయి తగాదాలకే.

తీరా ఈ రోజు ఉగ్గాని పళ్ళెం పట్టుకుని ఎదురెళితే, ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊహూ" అని చెయ్యి ఊపి వీధిలోకి వెళ్ళిపోయాడు. నిన్న సాయంత్రం వేరుశనగ ఉండలు పంపితే ఆనందంగా అందుకున్న మనిషి! తన చేతివంట నచ్చలేదనుకుంది సువర్ణ. పిట్టగోడ మీదుగా తొంగిచూసింది. రాత్రి తొలకరి పడింది. తడిసిన ఎర్రమట్టిలో భీమేశ్వరం గారు నడుం వంచి, అడుగులో అడుగు వేస్తూ నేలను గాలిస్తున్నాడు.

అత్తగారు ఆంజినమ్మ కూడా చూసింది. ఏటా తొలివాన పడగానే సద్దిమూట కట్టుకుని వజ్రకరూరు పొలాలకు వజ్రాలు వెదకడానికి పోయే మనిషి ఆమె. కాపురానికొచ్చిన నాటి నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదు. ఇంతవరకు ఆమెకు దొరికింది నడుంనొప్పి ఒక్కటే. ఈ రోజూ మూట సిద్ధంగానే ఉంది.

"ఏమ్మే సువర్ణా, ఆయప్పను చూడు. ఎండకు ఎదురుగా నిలబడినాడు, మెరుపు కనపడాలని. అది మామూలు వెదకడం కాదు."

"ఏమన్నా పోగొట్టుకున్నాడేమో అత్తా. అడిగొస్తా ఉండు."

"అడగాకు!" ఆంజినమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "వెదికేవాణ్ణి ఏం వెదుకుతాండావని అడిగితే రాయి మాయమైపోతాది. మా జట్టులో చచ్చినా అడగం. అయినా పోయిన వారం మన వీధి గుంతల్లోకి తోలిన మన్ను యాడిదనుకున్నావు? వజ్రకరూరు పక్కదంట. టిప్పరు డ్రైవరే చెప్పినాడు."

అంటూనే కొంగు నడుముకు దోపి వీధిలోకి దిగింది. భీమేశ్వరం గారికి మర్యాదపూర్వకమైన దూరంలో తానూ వంగింది.

ఎదురింటి ఆటో కుళ్ళాయప్పకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తొలకరి పడ్డ మర్నాడు ఆంజినమ్మ వజ్రకరూరు బస్సు ఎక్కకుండా ఇంటి ముందే వెదుకుతోందంటే, సర్కారువారు దండోరా వేయించినట్టే. అతను బుక్కరాయసముద్రంలో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేసి, "ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. ఆ మాటతో కబురు మరింత వేగంగా పాకింది.

ఎండ ముదిరేసరికి స్టేషన్ ముందు ఒక్క ఆటో లేదు. రైలు దిగినవాళ్ళు సామాన్లు మోసుకుంటూ ఈ వీధికొచ్చి, సంగతి కనిపెట్టి, సామాన్లు దించి తామూ వంగారు. జల్లెడలు వచ్చాయి. తాపీలు వచ్చాయి. కంట్రాక్టరు గుంతలు పూడ్చినదానికంటే శ్రద్ధగా జనం వాటిని తిరిగి తవ్వారు. ఎవరి ఇంటి ముందు మట్టి వాళ్ళదేనని తాళ్ళు కట్టుకున్నారు. నాగేశ్వర కొట్టు మూసి పరుగెత్తుకొచ్చి, తమ వాకిలి ముందు షామియానా వేసి హద్దు ఖాయం చేశాడు.

ఇంత జనంలో ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే రాయి మాయమైపోతుంది కదా!

భీమేశ్వరం గారు నడుం ఎత్తి చుట్టూ చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తువ్వాలు తీయకుండానే ఒక్కొక్కరికీ దండం పెట్టడం మొదలుపెట్టాడు.

"చూడన్నా, వదిలేయండని మొక్కుతాండాడు," అన్నాడు కుళ్ళాయప్ప. "అంటే పెద్దదే!"

సువర్ణ రాగిజావ తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన అటు తిరిగి గటగటా తాగి, కళ్ళు ఒత్తుకున్నాడు. తన గదిలో దిగిన పాపానికి పెద్దాయన నలుగురిలో ఏడవాల్సి వచ్చిందని ఆమెకూ ఏడుపొచ్చింది. గది షామియానాలకు పోతే పోయింది, ఆయన మనసు కష్టపెట్టుకోకుండా రైలెక్కితే చాలనుకుంది.

అప్పుడే ఆంజినమ్మ కేక వినిపించింది. "దొరికింది!"

ఆమె అరచేతిలో చిన్న తెల్లటి రాయి మెరుస్తోంది. అత్తగారి మొహంలో అంత వెలుగు సువర్ణ ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ సణిగే ఆ ముసలామె మీద ఆ క్షణంలో ఆమెకు పట్టరాని ప్రేమ కలిగింది.

భీమేశ్వరం గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, రాయిని చూసి, తువ్వాల్లోంచే గొణిగాడు. "అమ్మగారూ, అది నాదండి."

"నీదెట్లవుతాది? మన్ను మాది!" కుళ్ళాయప్ప గద్దించాడు.

ఆయన ఇక గత్యంతరం లేక తువ్వాలు తీసి నోరు తెరిచాడు. పై వరుసలో నట్టనడుమ ఒక కిటికీ.

ఆంజినమ్మ రాయిని చూసింది. కిటికీని చూసింది. మళ్ళీ రాయిని చూసింది.

"నిన్న పిట్టగోడ దగ్గర నిలబడి వేరుశనగ ఉండ కొరికానండి. కట్టుడు పన్ను ఊడి వీధిలో పడింది. చెబితే అమ్మాయి నొచ్చుకుంటుందని ఊరుకున్నాను," అన్నాడు ఆయన. నాగేశ్వర మేడ మీది గదిని కొలతలు తీస్తున్నవాడిలా చూశాడు. సువర్ణ తల దించుకుంది.

ఆయన మాట ఇంకా పూర్తికాలేదు. "ఎన్నో ఊళ్ళు చూశానండి. నా కోసం ఒకరు వంగి వెదికిన ఊరు లేదు. నేను నోరు మూసుకున్న తీరు చూసే మీరంతా కనిపెట్టేశారు. ఏం పోయిందని అడిగి ఒక్కరూ నన్ను సిగ్గుపెట్టలేదు. పనులు మానుకున్నారు. ఎండకు డేరా కూడా వేయించారు. ఏటా వస్తానండి. ఈ గదిలోనే దిగుతాను."

అందరూ ఆంజినమ్మ వైపు చూశారు. ఆమె ఒక నిట్టూర్పు విడిచి, పన్నును కొంగుతో శుభ్రంగా తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"మా ఇంటికొచ్చిన మనిషి పన్ను పోతే చూస్తా కూచుంటామా అప్పా?" అంది.

నాగేశ్వర దగ్గాడు. "గది నీదేలే," అన్నాడు భార్యకు మాత్రమే వినపడేలా.

వీధి వీధంతా ఆ మెప్పుకు వినయంగా తల వంచింది. కుళ్ళాయప్ప మాత్రం వంచిన తల అలాగే ఉంచి, బొటనవేలితో మట్టిని ఇంకొంచెం కదిలించి చూశాడు.